దగ్గుకు నేలవేము, అడ్డసరం కషాయం: గర్భిణి తాగొచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. చలి మొదలైతే ఇంట్లో ఎవరికో ఒకరికి జలుబు, దగ్గు, జ్వరం. మా అత్తగారు సంతలో కొన్న నేలవేము, అడ్డసరం, తిప్పతీగ కలిపి కషాయం కాచి అందరికీ పోస్తారు. ఆవిడకు షుగర్, మాత్రలు వాడతారు. నాకిప్పుడు ఐదో నెల, నన్నూ తాగమంటున్నారు. ఇది నిజంగా వైరస్‌ను చంపుతుందా?

జవాబు: ముందు మీ సంగతమ్మా. మీరు తాగకండి. అడ్డసరానికి గర్భసంచిని బిగుసుకునేలా చేసే గుణం ఉంది, నేలవేము కూడా గర్భిణులకు వద్దనే చెబుతాం. అత్తగారు నొచ్చుకుంటారనుకుంటే డాక్టరు వద్దన్నాడని నా మీదకు తోసేయండి.

నేలవేములోని ఆండ్రోగ్రాఫొలైడ్ అనే రసాయనం ల్యాబ్‌లో పెంచిన కణాల్లో కొన్ని వైరస్‌లను అడ్డుకున్న మాట నిజమే, కోవిడ్ రోజుల్లో థాయ్‌లాండ్ ప్రభుత్వం లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్లకు దాన్ని వాడనిచ్చింది కూడా. కానీ ల్యాబ్‌లో పనిచేసిన మోతాదు మనం తాగే కషాయం నుంచి ఊపిరితిత్తుల దాకా చేరుతుందా అంటే, మనుషుల్లో దానికి గట్టి రుజువు లేదు. అలాగని మొక్కల్లో మందు లేదనను. దగ్గు సిరప్‌లలో వాడే బ్రోమ్‌హెక్సిన్ అడ్డసరంలోని వాసిసిన్ అనే రసాయనం ఆధారంగా తయారైనదే, అయితే అది కఫాన్ని పలచన చేస్తుంది, వైరస్ జోలికి పోదు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్‌కు ముడిసరుకైన షికిమిక్ ఆమ్లాన్ని అనాసపువ్వు నుంచే తీసేవాళ్లు, అయినా బిర్యానీ తింటే ఫ్లూ తగ్గదు కదా!

నా టెన్షన్ అత్తగారి గురించి. నేలవేము, తిప్పతీగ రెండూ షుగర్‌ను తగ్గించగలవు, దానికి మాత్రలు తోడై, జ్వరంలో తిండి కూడా సరిగ్గా తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. పైగా 2021లో తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు బయటపెట్టారు. వేరే జాతి తీగను తిప్పతీగ అనుకుని వాడి ఉంటారని ఆయుష్ శాఖ అంది, సరే, సంతలో కట్ట కట్టి అమ్మేది ఏ తీగో మనకు మాత్రం ఏం తెలుసు? ఆవిడను కొన్నాళ్లు మానమనండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే లివర్ పరీక్ష చేయించండి.

అల్లం, తులసి వేసిన టీ వంటింటి మోతాదులో అందరూ తాగొచ్చు. ఏడాది నిండని పిల్లలుంటే తేనె మాత్రం నాకించకండి.

మీకు జ్వరం, దగ్గు కలిసి వస్తే ఆగి చూద్దామనుకోకుండా అదే రోజు జిల్లా ఆసుపత్రికి వెళ్లండి, ఫ్లూ మందు 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం వచ్చినా, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా ఎవరికైనా అంతే. ఇక ఇంట్లో ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటితే అది మామూలు జలుబు కాకపోవచ్చు, టీబీకి కళ్లె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే చేస్తారు.