దూరపు నడకకు తక్కువ ఖర్చులో బట్టలు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

వారాల తరబడి సాగే ట్రెక్కింగ్‌కు సిద్ధమవుతున్నావనీ, ఎవరో ఇచ్చిన జాబితా పట్టుకుని బట్టలు కొనబోతే దాచుకున్న డబ్బంతా అక్కడే అయిపోయేలా ఉందనీ రాశావు. ఆ జాబితాలో సగం నీకు అవసరమే లేదు. మిగతా సగంలోనూ రెండు మూడింటి మీద తప్ప పెద్దగా ఖర్చు పెట్టనక్కరలేదు. ఏ బట్టనైనా చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా ఒక్క విషయం ఆలోచించు: ఇది తడిస్తే ఏమవుతుంది? దాని మీద ఏ కంపెనీ పేరుంది, ఎంత ఖరీదు, ఏ రంగు అన్నవన్నీ ఆ తరువాతే.

రోజంతా బరువు మోస్తూ నడిచే మనిషి వాన లేకపోయినా చెమటతో తడుస్తుంది. ఎక్కుతున్నంతసేపూ ఒళ్ళు వేడిగానే ఉంటుంది కాబట్టి ఆ తడి తెలియదు. శిఖరం మీద ఆగి, గాలి తగలగానే వణుకు మొదలవుతుంది. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేసుకుంటుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. అది మంచు కురిసే చోట మాత్రమే వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, బయట 10 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా తడి, గాలి, అలసట ఈ మూడూ కలిస్తే వస్తుంది. కాటన్ బట్ట నీటిని పోగులోపలికే పీల్చుకుని గంటల తరబడి వదలదు. అందుకే చలి, వాన ఉండే దారుల్లో దాన్ని వద్దంటారు. ఎండిపోయిన వేడి ప్రాంతాల్లో మాత్రం అదే గుణం ఒంటిని చల్లబరుస్తుంది కాబట్టి, వదులుగా ఉన్న కాటన్ చొక్కా అక్కడ పగటి పూటకు బాగానే పనిచేస్తుంది. పాలిస్టర్ పోగు తన బరువులో ఒక శాతం తేమను కూడా లోపలికి తీసుకోదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను దాచుకుని కూడా వెచ్చదనాన్ని చాలావరకు నిలుపుకుంటుంది.

దీన్ని నా మాట మీద నమ్మనక్కరలేదు, ఇంట్లోనే చూసుకోవచ్చు. వంటింటి తూకం మీద ఒక కాటన్ టీషర్టునూ, అదే కొలతలో ఉన్న పాలిస్టర్ ఆటల టీషర్టునూ పొడిగా ఉన్నప్పుడు తూచి రాసుకో. రెండింటినీ బకెట్ నీళ్ళలో ముంచి, చేతులతో గట్టిగా పిండి, మళ్ళీ తూచు. తరువాత నీడలో, గాలి ఆడే చోట పక్కపక్కన ఆరవేసి గంటకొకసారి తూచుతూ ఉండు. పాలిస్టర్‌ది పొడి బరువుకు చేరుకునే సమయానికి కాటన్‌ది చంకల దగ్గరా, కింది అంచు దగ్గరా ఇంకా చల్లగా, బరువుగా వేలాడుతూ ఉంటుంది. నీ బీరువాలో అనుమానం ఉన్న ప్రతి బట్టకూ ఈ పరీక్ష పెట్టు. లేబుల్ ఊడిపోయిన పాత బట్ట అయితే, లోపలి కుట్టు అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని నీళ్ళ గిన్నె మీద అంటించి చూడు. కాటన్ కాగితం కాలిన వాసనతో మండి బూడిద అవుతుంది, ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి మంట తీయగానే ఆరిపోతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. ఆ పూసను చూసినప్పుడు ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకో: ఇలాంటి బట్టలు వేసుకుని స్టవ్ దగ్గరికి మరీ వంగకూడదు, కరిగితే చర్మానికి అంటుకుంటాయి.

ఒంటికి ఆనుకుని ఉండే చొక్కాకు ఆటల కోసం అమ్మే మామూలు పాలిస్టర్ టీషర్టు చాలు. పొడుగు చేతులు, కాలరు ఉన్నది దొరికితే మరీ మంచిది. ఎండకు మెడ, ముంజేతులు కాలిపోకుండా ఉంటాయి, వీపు సంచి పట్టీ మెడను కోయదు. లేత రంగు ఎంచుకుంటే ఒంటి మీద పాకే పురుగులు సులువుగా కనిపిస్తాయి. పాలిస్టర్‌తో ఉన్న చిక్కల్లా వాసన. రెండు రోజులకే చెమట కంపు పట్టుకుంటుంది. మెరీనో అనే గొర్రెజాతి సన్నని ఉన్నితో చేసిన చొక్కా ఎన్నో రోజులు ఉతక్కపోయినా అంత వాసన రాదు గానీ, ఖరీదు ఎక్కువ. పైగా సంచి పట్టీలు ఒరుసుకునే భుజాల దగ్గర తొందరగా చిరుగుతుంది. డబ్బు చూసుకుని నడిచేవారు పాలిస్టర్ చొక్కాను సాయంత్రం మామూలు నీళ్ళతో జాడించి ఆరవేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

వెచ్చదనానికి ఫ్లీస్‌ను మించిన చవక బట్ట లేదు. 1979 ప్రాంతంలో అమెరికాలోని మాల్డెన్ మిల్స్ అనే బట్టల మిల్లు దీన్ని తయారుచేసింది. పాలిస్టర్‌నే దూది పింజలా పైకి లేపి, ఆ సందుల్లో గాలి నిలిచేలా చేస్తారు. తడిసినా గట్టిగా విదిలిస్తే చాలా నీరు పోతుంది, ఒంటి మీదే ఆరిపోతుంది. ఒకరు వాడిన ఫ్లీస్‌ను కొనడానికి ఏమాత్రం సంకోచించకు. పైన నూగు గుళ్ళు కట్టినా పనితనం పెద్దగా తగ్గదు, జిప్పు పైనుంచి కింది దాకా ఆగకుండా నడుస్తోందో లేదో చూసుకుంటే చాలు. వాడిన ఉన్ని స్వెటరైతే వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకుని చిమ్మట పురుగు కొట్టిన చిల్లులున్నాయేమో చూడు. ఈకలు నింపిన డౌన్ జాకెట్ బరువు తక్కువ, వెచ్చదనం ఎక్కువే; అయితే తడిస్తే ఈకలు ముద్దకట్టి చలిని ఆపలేవు. కాబట్టి వాన దారికి సింథటిక్ దూది నింపిన జాకెట్ ఎంచుకో. అది కాస్త బరువున్నా తడిసినప్పుడు నిన్ను పూర్తిగా వదిలేయదు, ధర కూడా తక్కువ.

ఇక వాన కోటు. ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ మోజు పడేదీ ఇక్కడే. గాలి ఆడుతుందని చెప్పే వాటర్‌ప్రూఫ్ జాకెట్లలో బాగా పేరుపడిన రకానికి మూలం 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ ఇంజనీరు కనిపెట్టిన సాగదీసిన టెఫ్లాన్ పొర. దానిలోని రంధ్రాలు నీటి బొట్టును రానివ్వవు, చెమట ఆవిరిని పోనిస్తాయి. చెప్పడానికి ఇది నిజమే. కానీ నిటారు ఎక్కుడులో మన ఒంటి నుంచి వచ్చే చెమటంతా ఆ రంధ్రాల గుండా పోవడం ఏ జాకెట్‌లోనూ జరగదు. పైగా బయటి బట్ట మీద నీటిని పూసల్లా జార్చే పూత అరిగిపోతే ఆ బట్ట నీరు పట్టి, ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు లోపల చెమటతో తడిసి, జాకెట్ కారుతోందని మనుషులు దాన్ని పారేస్తారు. చాలాసార్లు దాన్ని తగిన సబ్బుతో శుభ్రంగా ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే తక్కువ వేడిలో ఆరబెడితే పూత మళ్ళీ పనిచేస్తుంది, లేదా కొత్త పూత స్ప్రే కొట్టుకోవచ్చు. అందువల్ల ఎంతో ఖరీదైన పొర కోసం వెంపర్లాడకు. చంకల కింద తెరుచుకునే జిప్పులు, తలతోపాటు తిరిగే టోపీ, కుట్లన్నిటి మీదా లోపలివైపు అతికించిన టేపు, ఈ మూడూ ఉన్న సాదా జాకెట్ నీకు సరిపోతుంది. లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లు అని ఉంటే, అంత ఎత్తు నీటి స్తంభం ఒత్తిడిని ఆ బట్ట తట్టుకుంటుందని అర్థం. రోజంతా వాన కురిసే దారికి అది చాలు.

వాడిన వాన కోటు కొనేటప్పుడు మాత్రం లోపలివైపు తిప్పి, మెడ దగ్గరా భుజాల దగ్గరా వేలితో రుద్ది చూడు. జిగురుగా తగిలినా, పొలుసులు రాలినా, పుల్లని వాసన వచ్చినా లోపలి పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత చెడిపోయిందన్నమాట. దానికి మరమ్మతు లేదు, ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకు. చెట్ల నడుమ, గాలి తక్కువగా ఉండే దారైతే పాంచో, అంటే తల దూర్చి వేసుకునే చేతుల్లేని వాన తొడుగు, కొనుక్కోవడం అన్నిటికంటే చవక. సంచినీ నిన్నూ కలిపి కప్పుతుంది, కింద నుంచి గాలి ఆడుతుంది. కొండ అంచుల మీద గాలికి ఎగిరి కళ్ళకు అడ్డం పడుతుంది కనుక అక్కడికి పనికిరాదు. చేతులకు చవకైన అల్లిక తొడుగులు వేసుకుని, వాటి మీద గిన్నెలు కడిగే రబ్బరు తొడుగులు ఒక సైజు పెద్దవి తొడుక్కుంటే వానలో కూడా వేళ్ళు కొంకర్లు పోవు. సంచి లోపల మందపాటి చెత్త సంచిని పరిచి బట్టలన్నీ అందులో పెట్టు. పైన వేసే తొడుగు కంటే అదే నమ్మకం, ఎందుకంటే వీపుకూ సంచికీ మధ్య జారే నీటిని పై తొడుగు ఆపలేదు.

ప్యాంటు విషయంలో చెప్పడానికి ఎక్కువ లేదు: పల్చని నైలాన్‌ది, మోకాలు పూర్తిగా వంగేది, నడుము దగ్గర దళసరి కుట్లూ బకిల్సూ లేనిది. జీన్స్ వద్దు. సంచి నడుం పట్టీ సరిగ్గా ప్యాంటు నడుం మీదే కూర్చుంటుంది కాబట్టి అక్కడున్న ప్రతి గుండీ సాయంత్రానికి చర్మంలో గుర్తు వేస్తుంది. లోదుస్తులు కాటన్‌వి కాకుండా, తొడల మధ్య దాకా వచ్చే బిగుతు రకం వేసుకుంటే ఒరుసుకుపోవు. ఒరిసే చోట పొద్దున్నే కాస్త వాజిలిన్ రాసుకో. బ్రాకు వెనుక హుక్కులూ, భుజాల మీద సర్దుకునే బకిల్సూ లేని ఆటల రకం తీసుకో. సంచి పట్టీ కింద చిన్న లోహపు ముక్క కూడా పుండు చేస్తుంది. అంగళ్ళలో పనిచేసేవారు నీకు ఈ సంగతి చెప్పరు.

ఇలా మిగిల్చిన డబ్బును పాదాల మీద పెట్టు. ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికన్ మహిళ 1955లో, 67 ఏళ్ల వయసులో, అమెరికాలోని అపలేచియన్ ట్రయల్ అనే కొండదారి మొత్తం, అంటే 3,000 కిలోమీటర్లకు పైగా, ఒంటరిగా ఒకే విడతలో నడిచింది. చేత్తో కుట్టుకున్న గుడ్డ సంచి భుజాన వేసుకుని, కాన్వాస్ బూట్లతో, స్నానాల గది ప్లాస్టిక్ తెరను వానకు అడ్డం పెట్టుకుని నడిచింది. ఖరీదైన సరంజామా లేకుండా ఎంత దూరమైనా పోవచ్చనడానికి ఆమెను మించిన సాక్ష్యం లేదు. అయితే ఆమె దారిలో బూట్లు జతలకు జతలు అరగదీసిందన్న మాట చాలామంది మరిచిపోతారు. మట్టిదారుల్లో పరుగు కోసం చేసే తేలికైన ట్రయల్ రన్నింగ్ బూట్లు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా మన్నుతాయి కాబట్టి, ఒక గొప్ప జతకు పెట్టే డబ్బుతో రెండు మామూలు జతలు కొనుక్కోగలవేమో ముందే లెక్క వేసుకో. బూట్లను సాయంత్రం పూట, పాదాలు వాచి ఉన్నప్పుడు, నడకలో వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడాలి. ముందు వేళ్ళకు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. సాక్సులు ఉన్ని, నైలాన్ కలిపి నేసినవి, పగటికి రెండు జతలు, రాత్రికి ఒక జత. మధ్యాహ్నం ఆగినప్పుడు జత మార్చి, తీసిన జతను సంచికి పిన్నులతో తగిలించి ఆరవేసుకుంటూ నడువు. తడిసి మెత్తబడిన చర్మం మీద రాపిడి పడితే బొబ్బలు సులువుగా లేస్తాయి, అందుకని పాదాన్ని పొడిగా ఉంచే ఆ పది నిమిషాలను అలసట పేరుతో దాటవేయకు.

ఎన్ని జతలు తీసుకెళ్ళాలని అడిగావు. నడిచేటప్పుడు ఒంటి మీద ఒకటి, పడుకునేటప్పుడు ఒకటి. పడక బట్టలు ఎప్పుడూ ప్లాస్టిక్ సంచిలోనే ఉండాలి, ఎంత చలేసినా వాటితో దారిలోకి దిగకూడదు. పొద్దున్నే తడి చొక్కా మళ్ళీ వేసుకోవడం చాలా కష్టంగా ఉంటుంది, నిజమే. పది అడుగులు ఎక్కేసరికి ఒంటి వేడికే అది ఆరడం మొదలవుతుంది. పొడి బట్టలు కూడా తడుపుకుంటే రాత్రికి నీకు ఇంకేమీ మిగలదు. అలాగే, కదిలేముందు కాస్త చలిగా అనిపించేలా బయలుదేరు. ఫ్లీస్ వేసుకునే ఎక్కుడు మొదలుపెడితే దాన్ని చెమటతో తడిపేస్తావు.

బట్టలన్నీ సమకూరాక, బయలుదేరడానికి కనీసం నెల ముందు, వాన పడే రోజు చూసుకుని, నిండు సంచితో 15 కిలోమీటర్లు నడిచి రా. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబరిచే ద్రావణం వాడకు. అది పోగుల మీద పొరలా పేరుకుని చెమట పీల్చే గుణాన్నీ, వాన కోటు పూతనూ పాడుచేస్తుంది. ఇంటికి రాగానే అద్దం ముందు నిలబడి భుజాలు, నడుము, తొడలు, మడమలు చూసుకుని, ఎక్కడెక్కడ ఎర్రబడిందో రాసి నాకు పంపు. ఏ కుట్టు విప్పి తిరగేయాలో, ఏ బట్ట మార్చాలో చెబుతాను. వాన కోటు కొనడం మాత్రం నా జాబు వచ్చేదాకా ఆపు, అప్పటిదాకా ఎవరినైనా అడిగి తెచ్చుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ