పల్లెల్లో పెద్దవాళ్ళే ఎందుకు మిగులుతున్నారు? వలస ఒక్కటే కారణం కాదు

"మా ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా పెద్దవాళ్ళే. కుర్రాళ్ళంతా హైదరాబాద్, బెంగళూరు వెళ్ళిపోయారు. పల్లెలు ముసలివైపోతున్నది ఇందుకేనా?" అని ఒకరు అడిగారు. వలస పెద్ద కారణమే. కానీ మన రెండు రాష్ట్రాల పల్లెల్లో, ఎవరూ ఊరు కదలకపోయినా ఈ పరిస్థితి కొంత వచ్చేదే. పుట్టుకలు ముప్ఫై ఏళ్ళ కిందటి నుంచే తగ్గుతూ వచ్చాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కడితే మీ ఊరికి ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తేలదు.

ముందు లెక్క చూద్దాం. వెయ్యి మంది ఉన్న ఊళ్ళో అరవై దాటినవాళ్ళు వంద మంది అనుకోండి, అంటే 10 శాతం. ఆ ఊరి నుంచి 150 మంది యువకులు, యువతులు, వాళ్ళతోపాటు 50 మంది పిల్లలు వెళ్ళిపోయారు. మిగిలింది 800. పెద్దవాళ్ళు అదే వంద మంది, శాతం మాత్రం 12.5. కొత్తగా ఒక్కరు కూడా ముసలివాళ్ళు కాలేదు, ఊరు మాత్రం ముసలిదైంది. అంతటితో ఆగదు. వెళ్ళినవాళ్ళలో పెళ్ళీడు ఆడపిల్లలు ఉంటే, రాబోయే పదేళ్ళలో అక్కడ పుట్టాల్సిన పిల్లలు కూడా వాళ్ళతోపాటే వెళ్ళినట్టు. అందుకే ఎంతమంది వెళ్ళారన్నదానికంటే ఎవరు, ఎవరితో, ఎన్నాళ్ళకు వెళ్ళారన్నదే ముఖ్యం.

జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు వెళ్ళేది ఎక్కువగా మగవాళ్ళు. భార్యాపిల్లలు ఊళ్ళోనే ఉంటారు, ఆయన కొన్నేళ్ళకు తిరిగొస్తాడు. ఊళ్ళో మగదిక్కు తగ్గుతుంది కానీ బడి నడుస్తుంది. పాలమూరు (మహబూబ్‌నగర్) వలస తీరు వేరు: పని ఉన్న నెలల్లో జంటలు వెళ్ళి, పండక్కో వానలకో తిరిగొచ్చేవి. ముసలివాళ్ళు, బడి పిల్లలు ఇంటి దగ్గర ఉండేవాళ్ళు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు, అక్కడ పిల్లల్ని పెంచే భారం అమ్మమ్మల మీద పడుతుంది. కృష్ణా, గుంటూరు పల్లెల నుంచి చదువుకుని అమెరికా వెళ్ళిన కుటుంబాలు మాత్రం పూర్తిగా వెళ్ళినట్టే. తల్లిదండ్రులు ఆరు నెలలు అక్కడుండి వస్తారు, మనవలు ఇక్కడికి సెలవులకు వస్తారు. పేరుకు అన్నీ వలసలే, ఊరి వయసు మీద మాత్రం నాలుగు రకాలుగా పనిచేస్తాయి. చివరి రకం ఉన్న ఊళ్ళే అందరికంటే తొందరగా ముసలివవుతాయి.

ఇక పుట్టుకల సంగతి. ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళ వాళ్ళు పుట్టిన కాలంలో ఇంటికి ఐదారుగురు పిల్లలు మామూలు. పసిబిడ్డల చావులు కూడా అప్పుడే తగ్గుముఖం పట్టాయి, అందుకని బతికి పెద్దయినవాళ్ళూ ఎక్కువే. ఆ పెద్ద తరమే ఇవాళ అరుగుల మీద కనిపిస్తోంది. వాళ్ళ పిల్లల తరం పెళ్ళిళ్ళు చేసుకున్నాక లెక్క మారింది: పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవై రెండు లోపు ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళు నిండకముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. జనాభా తగ్గకుండా నిలవాలంటే ఒక్కో మహిళకు సగటున 2.1 మంది పిల్లలు ఉండాలంటారు. ఆ సర్వేలో మన రాష్ట్రానిది 1.7, పల్లెలది అంతకంటే కాస్తే ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 2005-06 సర్వే నాటికే అది సుమారు 1.8కి దిగిపోయింది. "పల్లెల్లో పిల్లలు ఎక్కువ" అన్న మాట మన దగ్గర చెల్లక చాలా కాలమైంది.

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న 1994 పంచాయతీరాజ్ చట్టం నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబర్‌లో ఎత్తేసింది. మంచిదే. కానీ దానివల్ల పల్లెల్లో పిల్లలు పెరుగుతారని నేను అనుకోను. జనం ఇద్దరితో, ఒక్కరితో ఆగుతున్నది సర్పంచి పదవి కోసం కాదు, ప్రైవేటు బడి ఫీజు కోసం, పంచితే అరెకరం కూడా రాని పొలం కోసం. 2015-16 వ్యవసాయ గణనలో ఆంధ్రప్రదేశ్ సగటు కమతం ఒక హెక్టారు కూడా లేదు.

పెద్దవాళ్ళు ఎందుకు కదలరన్నది కూడా చూడాలి. పాసుపుస్తకం వాళ్ళ పేరు మీదే ఉంటుంది. కౌలుకిచ్చినా ఎకరాకు ఇన్ని బస్తాలని కొలిపించుకోవాలన్నా, కౌలురైతు మారితే మాట్లాడుకోవాలన్నా మనిషి అక్కడ ఉండాలి. ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000, ఒకటో తారీఖున గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. కొడుకు దగ్గర హైదరాబాద్‌లోనే ఉండిపోతే అది చేతికి రావడం కష్టం. రెండు గదుల అద్దె ఇంట్లో మంచం వేసుకునే చోటు ఉండదు. పైగా ఊళ్ళో ఆమెకు తన వంట, తన ఇరుగుపొరుగు ఉన్నాయి. 'ఆమె' అని ఊరికే అనలేదు. భర్త భార్యకంటే ఐదారేళ్ళు పెద్ద, ఆడవాళ్ళ ఆయుష్షూ కాస్త ఎక్కువ, కాబట్టి డెబ్బై ఐదు దాటాక ఊళ్ళో ఒంటరిగా ఉండేవాళ్ళలో వితంతువులే ఎక్కువ. పల్లె ముసలిదవుతోందంటే నిజానికి చాలా ఊళ్ళలో ఒంటరి అవ్వలు పెరుగుతున్నారని అర్థం. ఏ పథకమైనా వాళ్ళను దృష్టిలో పెట్టుకునే వేయాలి.

2011 జనగణనలో దేశం మొత్తం మీద అరవై దాటినవాళ్ళు 8.6 శాతం: పల్లెల్లో 8.8, పట్టణాల్లో 8.1. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8. ఇది పదిహేనేళ్ళ కిందటి మాట. 2021లో జరగాల్సిన గణన జరగలేదు. ఇంకో చిక్కుంది. జనగణన ఊరివారీ పట్టికల్లో ఆరేళ్ళలోపు పిల్లల సంఖ్య ఉంటుంది కానీ అరవై దాటినవాళ్ళ సంఖ్య ఉండదు. కాబట్టి మీ ఊరి సంగతి మీరే తేల్చుకోవాలి.

దానికి మొదట ఓటర్ల జాబితా తీయండి. ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పోలింగ్ కేంద్రంవారీగా దొరుకుతుంది, ప్రతి పేరు పక్కన ఇంటి నంబరు, వయసు ఉంటాయి. అరవై దాటినవి, 18 నుంచి 35 మధ్యవి విడిగా లెక్కపెట్టండి. ఆ అంకెను అలాగే నమ్మితే మాత్రం పప్పులో కాలేసినట్టే. వెళ్ళిపోయినవాళ్ళ ఓట్లు ఊళ్ళోనే ఉంటాయి, పోలింగ్ రోజున బస్సులెక్కి వస్తారు. చనిపోయినవాళ్ళ పేర్లు కొన్ని ఏళ్ళ తరబడి తీయరు. పెద్దవాళ్ళ వయసులు 60, 65, 70 దగ్గర గుంపుగా ఉంటాయి, ఎందుకంటే పుట్టిన తేదీ తెలియక ఉజ్జాయింపుగా రాయించినవే ఎక్కువ. అందుకని జాబితా పట్టుకుని ఆశా కార్యకర్తతో కూర్చోండి. ఆమెకు సుమారు వెయ్యి మంది పరిధి, ఏ ఇంటికి తాళం ఉందో, ఏ ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంటుందో నోటికే చెప్పగలదు. తాళం ఉన్న ఇంటికి ఎర్ర గీత, మనుషులున్న ఇంటికి పచ్చ గీత పెట్టుకుంటూ పోతే ఒక పూటలో ఒక వార్డు తేలిపోతుంది.

తర్వాత అంగన్‌వాడీ రిజిస్టర్. 2020 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ జననాల రేటు వెయ్యికి 15.7. ఆ లెక్కన వెయ్యి మంది ఉన్న ఊళ్ళో ఆరేళ్ళలోపు పిల్లలు తొంభై మంది దాకా ఉండాలి. యాభైకి పడిపోతే జంటలు ఊరు విడిచాయని అర్థం. ఎనభై దాకా ఉండి, కుర్రాళ్ళు కనిపించడం లేదంటే, మగవాళ్ళే బయట ఉన్నారు, కుటుంబాలు ఊళ్ళోనే ఉన్నాయి.

ఇక్కడే చాలామంది పంచాయతీ జనన మరణాల రిజిస్టర్ చూసి బోల్తా పడతారు. ఏడాదికి చావులు పన్నెండు, పుట్టుకలు సున్నా అని కనిపిస్తే ఊరు అంతరించిపోతోందని రాసేస్తారు. జననం నమోదయ్యేది పుట్టిన చోట. కాన్పులు ఇప్పుడు ఎక్కువగా పట్టణం ఆసుపత్రుల్లోనే, అందులోనూ తొలి కాన్పు పుట్టింటి వైపు. కాబట్టి ఆ పేర్లు మున్సిపాలిటీ రిజిస్టర్‌లోకి పోతాయి. పెద్దవాళ్ళ చావులు మాత్రం ఎక్కువగా ఇంట్లోనే, ఊరి రిజిస్టర్‌లోనే. ఆ పుస్తకం ఒక్కటే పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

కుర్రాళ్ళను నిలబెట్టేది ఏదని అడిగితే, నా మటుకు మొదటి జవాబు ఊళ్ళోనే ఉద్యోగం అని కాదు, ఊరి నుంచి రోజూ వెళ్ళిరాగలిగే ఉద్యోగం. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకు, శ్రీసిటీ కంపెనీలకు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడపిల్లలు కంపెనీ బస్సుల్లో వెళ్ళి వస్తున్నారు. పట్టణానికి ముప్ఫై, నలభై కిలోమీటర్ల లోపున ఉండి, తెల్లవారుజామున మొదటి బస్సు, రాత్రి షిఫ్టు వదిలాక ఆఖరి బస్సు ఉన్న ఊరికి ఈ అవకాశం ఉంటుంది. ఆఖరి బస్సు సాయంత్రం ఐదున్నరకే వెళ్ళిపోతే అదే దూరంలో ఉన్న ఊరి పిల్లలు హాస్టల్లో గది తీసుకోక తప్పదు. ఒకసారి గది తీసుకున్నాక పెళ్ళి, కాపురం, పిల్లల బడి అన్నీ అక్కడే. రెండోది బడి. ప్రాథమిక పాఠశాలలో పిల్లలు తగ్గితే తరగతులు పక్క ఊరి బడిలో కలుస్తాయి, దాంతో మిగిలిన తల్లిదండ్రులు మండల కేంద్రానికి మకాం మార్చేస్తారు. బస్సు, బడి ఈ రెండింటి కోసం పంచాయతీ తీర్మానం చేసి గట్టిగా వెంటపడటం వృథా కాదు.

వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదికగా ప్రకటించారు. లెక్కకు వచ్చినప్పుడు "రేషన్ పోతుందేమో" అన్న భయంతో పట్టణంలో ఉంటున్న కొడుకు, కోడలు పేర్లు కూడా ఊళ్ళో రాయించకండి. సాధారణంగా ఎక్కడ ఉంటున్నారో అక్కడే రాయాలి. హాస్టల్ పిల్లలు హాస్టల్లో, విదేశాల్లో స్థిరంగా ఉంటున్నవాళ్ళు అసలు లెక్కలోకి రారు. జనగణన వివరాలు 1948 చట్టం ప్రకారం గోప్యం, వాటిని చూపించి ఎవరి కార్డూ తీసేయలేరు. లేనివాళ్ళ పేర్లు రాయిస్తే కాగితం మీద మీ ఊరు కుర్ర ఊరుగానే ఉంటుంది, ఒంటరి అవ్వల కోసం అడగాల్సిన సౌకర్యాలకు ఆధారం చూపించలేరు.