కొండెక్కబోయే అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే ఆదివారం నలుగురు స్నేహితులు కలిసి కొండదారిలో సైకిళ్లు తొక్కబోతున్నారని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! చెట్లు చిగుళ్లేసే రోజుల్లో కొండల్లో సైకిల్ తొక్కితే కలిగే ఆనందం నాకు ఇంకెక్కడా దొరకలేదు. అందుకే నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరి వెంటా పడకు. చదును రోడ్డు మీద ముందువాళ్ల వెనకే తొక్కితే గాలి తక్కువ తగిలి శ్రమ తగ్గుతుంది. నిటారు ఎత్తులో మన వేగమే గంటకు పది కిలోమీటర్లు ఉండదు. అక్కడ వెనక్కి లాగేది గాలి కాదు, మన బరువే. ఎవరి వెనక ఉన్నా పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. పాతికేళ్ల వయసులో నాకిది తెలియదు. నాకంటే బక్కగా ఉండే స్నేహితుడి వెనక చక్రం మీదే చూపు పెట్టి రెండు కిలోమీటర్లు ఎక్కాను. మూడో కిలోమీటరు రాయి దగ్గరికొచ్చేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంది, తొడలు వణికాయి, సైకిల్ దిగిపోయాను. ఆ కొండ ఎలా ఉందని అడిగితే ఈరోజుకీ నాకు గుర్తొచ్చేది వాడి టైరు మీద ఎండిన బురద మరక ఒక్కటే. అందుకే చెప్తున్నా, ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే నీ వేగం.

ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలయ్యే ముందే తేలిక గేరుకు మార్చు. పెడల్ మీద బలమంతా వేసి మారిస్తే చైను కరకరలాడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. పెడళ్ల దగ్గరుండే చిన్న పళ్లచక్రానికీ వెనక టైరు దగ్గరుండే పెద్ద పళ్లచక్రానికీ చెరి 34 పళ్లుంటే, పెడల్ ఒక చుట్టు తిరిగితే టైరూ ఒక చుట్టే తిరుగుతుంది, అంటే రెండు మీటర్ల పైచిలుకు. నిమిషానికి 70 చుట్లు తిప్పినా గంటకు తొమ్మిది కిలోమీటర్లు దాటవు. అందులో చిన్నతనమేమీ లేదు. 8 శాతం వాలంటే కిలోమీటరుకి 80 మీటర్లు పైకి లేస్తున్నావన్నమాట!

పైకి చేరాక ఒక పని మర్చిపోకు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఒళ్లంతా చెమట, దిగేటప్పుడు ఎదురుగాలి. వేళ్లు కొయ్యబారితే బ్రేకు సరిగా పట్టలేవు. పల్చటి విండ్‌చీటర్ జేబులో పెట్టుకుని, దిగడం మొదలుపెట్టక ముందే వేసుకో.

నాకు టెన్షన్ అంతా దిగుడు గురించే. ఎండాకాలం ఇంకా ముదరని ఈ రోజుల్లో నీడపట్టు మలుపుల్లో తడి ఆరదు, వానలకు కొట్టుకొచ్చిన సన్న కంకర అలాగే ఉంటుంది. వేగం మలుపుకి ముందే తగ్గించు, మలుపు మధ్యలో బ్రేకు గట్టిగా నొక్కకు. బయటివైపు పెడల్ కిందికి పెట్టి దాని మీద బరువు మోపు. చూపు గుంట మీద కాదు, నువ్వు వెళ్లాల్సిన చోట ఉండాలి, సైకిల్ చూపు వెంటే పోతుంది. దారి పొడవునా బ్రేకు నొక్కి పట్టుకుంటే, రిమ్ము మీద పట్టే బ్రేకులైతే, రిమ్ము కాలి ట్యూబు పేలిపోవచ్చు. గట్టిగా పట్టు, వదిలెయ్యి, మళ్లీ పట్టు. ముందు సైకిల్‌కి బాగా దూరం ఉంచు.

పంక్చర్ పడితే తొందరపడి కొత్త ట్యూబు ఎక్కించకు. టైరు లోపల వేలితో మెల్లగా చుట్టూ తడిమి చూడు. సూదిమొనంత ముల్లు రబ్బరులో దాగి ఉంటుంది, అది తీయకపోతే రెండో ట్యూబూ పోయినట్టే.

నీళ్లు గంటకు అర లీటరు లెక్కన తాగు. ఆకలి వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో ఏదో ఒకటి తింటూ ఉండు.

ఇంకొక్క మాట, ఇది మీ నలుగురికీ. పైకి ముందు చేరినవాళ్లు చివరి మనిషి కోసం ఆగుతారు, బానే ఉంది. ఆ మనిషి రాగానే "సరే, పదండి" అంటారు చూడు, అది మాత్రం వద్దు. అందరికంటే ఎక్కువ అలిసిపోయింది తనే కదా, తనకి మాత్రం విశ్రాంతి లేదు. తను వచ్చాక పది నిమిషాలు అందరూ కూర్చోండి. లోయ చూడండి, కబుర్లు చెప్పుకోండి.

శనివారం సాయంత్రం సైకిల్ తీసుకుని ఒకసారి ఇంటికి రా. బ్రేకు కట్టలు ఎంత అరిగాయో చూస్తాను. నా చిన్న గాలి పంపు కూడా పట్టుకెళ్దువుగాని.

పెదనాన్న