టెక్ సందేహాలు: ‘పాట సూపర్ అన్నా, మాటలే వినపడలేదు’

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ జానపద పాటలు రాస్తుంటాను. మా ఊరి చెరువు మీద రాసిన పాటను ఇంట్లో హాల్లో కూర్చుని, వాట్సాప్ మైకు బటన్ నొక్కి పాడేశాను. పక్కన మా బామ్మర్ది డప్పు వాయించాడు. గ్రూపులో పెడితే చాలామంది ‘సూపర్ అన్నా’ అన్నారు. ఇద్దరు మాత్రం మాటలు అర్థం కాలేదన్నారు. ఇంకొకాయన ‘బావిలోంచి పాడినట్టుంది’ అన్నాడు. సాహిత్యం మార్చాలా? మంచి మైకు కొనాలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: సాహిత్యం జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు పంపిన ఫైలును హెడ్‌ఫోన్స్‌లోనూ, ఫోన్ స్పీకర్‌లోనూ విన్నాను. ‘చెర్వు కట్ట మీద సింతచెట్టు నీడ, సిన్ననాటి దోస్తు యాడున్నవో’ అన్న పల్లవిలో సిర్ర (డప్పు వాయించే పుల్ల) దెబ్బ సరిగ్గా ‘సింత’ మీద, ‘సిన్న’ మీద పడుతోంది. ఫోన్ స్పీకర్‌లో నాకు చెవికి ఆనింది ‘చెట్టు నీడ’, ‘నాటి దోస్తు’ మాత్రమే. అర్థం కాలేదన్న ఇద్దరూ నిజమే చెప్పారు. వాళ్లకు చేరింది ఫోను మింగగా మిగిలిన పాట.

ఎందుకిలా జరిగిందంటే, ఫోన్ మైకు మాట్లాడే గొంతు కోసం తయారైంది. పెద్ద శబ్దం రాగానే లెవెల్ దానంతటదే తగ్గిస్తుంది. తిరిగి పెంచడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆలోపు మీ నోటి నుంచి వచ్చిన అక్షరం మునిగిపోతుంది. దానికితోడు ‘స’, ‘చ’, ‘శ’ లాంటి అక్షరాల స్పష్టత ఎక్కువగా పై శబ్దాల్లో, అంటే కీచుగా వినిపించే భాగంలో ఉంటుంది, అదీ చాలా సన్నగా. వాయిస్ మెసేజ్‌ను వాట్సాప్ ఓపస్ అనే పద్ధతిలో బాగా కుదించి పంపుతుంది. మాటకు అది చాలు, డప్పు మీద పాటకు చాలదు. ఇక బావి సంగతి: నున్నటి గోడలు, టైల్స్ ఉన్న హాల్లో మూడు నాలుగడుగుల దూరంలో ఫోను పెడితే మీ గొంతు కన్నా గోడల నుంచి తిరిగొచ్చే గొంతే ఎక్కువ రికార్డవుతుంది.

కాబట్టి ఖర్చు లేకుండా ఒకసారి మళ్లీ పాడండి. బట్టల బీరువా ఉన్న గదిలోకి మారి, బీరువా తలుపులు తీసి, వెనక రెండు బొంతలు వేలాడదీయండి. ఫ్యాను ఆపండి. ఫోను మీ నోటికి జానెడున్నర దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టండి. బామ్మర్దిని ఏడెనిమిది అడుగుల వెనక కూర్చోబెట్టండి. గది అంత లేకపోతే తలుపు అవతల కూర్చున్నా పర్వాలేదు, డప్పు ఎలాగూ వినిపిస్తుంది. సెగ చూపించిన డప్పు చల్లారే కొద్దీ తోలు వదులై శ్రుతి దిగుతుంది. పాట మొత్తం ఒకే సెగ మీద ముగించండి. మొదటి చరణం అరగంట క్రితం, రెండోది ఇప్పుడు రికార్డు చేసి అతికిస్తే, వినేవాళ్లకు ఏం తేడా కొట్టిందో చెప్పడం రాదు గానీ ఏదో తేడా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

రికార్డింగ్‌కు వాట్సాప్ వద్దు. ఐఫోన్ అయితే వాయిస్ మెమోస్ సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీని లాస్‌లెస్‌కు (శబ్దంలో ఏదీ పోకుండా దాచే పద్ధతికి) మార్చండి. ఆండ్రాయిడ్‌లో శబ్దాన్ని కుదించని వేవ్ (WAV) ఫార్మాట్‌లో రికార్డు చేసే యాప్ ఏదైనా సరే. నాలుగు నిమిషాల స్టీరియో వేవ్ ఫైలు సుమారు 40 ఎంబీ వస్తుంది. దాన్ని గ్రూపులో ‘డాక్యుమెంట్’గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. వాట్సాప్ 2 జీబీ దాకా అనుమతిస్తుంది. అప్పుడు కూడా మాటలు అందలేదంటే, సిర్ర దెబ్బను సగం అక్షరం వెనక్కి జరపగలరేమో మీ బామ్మర్దిని అడగండి. ఆ తర్వాతే సాహిత్యం.

మైకు కొనే ఆలోచన ఉంటే ఈ రికార్డింగ్ చేశాకే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. కాలర్ మైకు తీసుకోకండి, అది ఇంటర్వ్యూలకు. స్టేజీ మీద పాడేవాళ్లు పట్టుకునే డైనమిక్ మైకు, ఫోనుకు కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ అడగండి. డైనమిక్ మైకు గది శబ్దాన్ని తక్కువగా పట్టుకుంటుంది. మీ ఫోను వెంట తీసుకెళ్లి, షాపులోనే ఆ పల్లవి పాడి, విని, తర్వాత డబ్బులివ్వండి.

ప్రశ్న: అందరూ బొటనవేలు, పూలు, చప్పట్లు పంపుతున్నారు. నా పాటలో నిజంగా లోపం ఎక్కడుందో తెలుసుకునే యాప్ ఏమైనా ఉందా?
– ఎల్బీనగర్ నుంచి ఒకరు

జవాబు: లోపం సరిగ్గా చెప్పే యాప్ నాకు తెలిసి లేదు. మనుషుల చేత చెప్పించడానికి పనికొచ్చేవి ఉన్నాయి. ‘పాట ఎలా ఉంది’ అని అడిగితే బాగుందనే అంటారు, మొహమాటం ఉంటుంది కదా. గూగుల్ ఫామ్‌లో, పేరు అడగకుండా, మూడే ప్రశ్నలు పెట్టండి. పాట ఒకసారి విన్నాక గుర్తున్న లైను ఏది? ఎక్కడ అర్థం కాలేదు? ఎక్కడ ఆపేయాలనిపించింది? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులే మీకు బంగారం. పది మందిలో ఏడుగురు ఒకే లైను రాస్తే మీ పల్లవి నిలబడినట్టే. ఆ లైనును వాళ్లు తప్పుగా రాశారంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. జనం మార్చుకున్న మాట కొన్నిసార్లు మీరు రాసిన దానికన్నా పాడుకోవడానికి సులువుగా ఉంటుంది. జానపదం అలా నోళ్లలో అరిగే నునుపు తేలుతుంది.

పాటను సౌండ్‌క్లౌడ్‌లో పెడితే వినేవాళ్లు సరిగ్గా ఆ క్షణం మీదే కామెంటు పెట్టవచ్చు. ‘రెండో చరణం దగ్గర ఏదో’ అనే గోల తప్పుతుంది. యూట్యూబ్‌లో అయితే స్టూడియో యాప్‌లో ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ చూడండి. ఎంతమంది ఎక్కడిదాకా విన్నారో అందులో గీత దిగడాన్ని బట్టి తెలుస్తుంది. ఇరవై ముప్పై వ్యూస్ మీద మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఇంకాస్త ఎక్కువ మంది విన్నాక కూడా పల్లవి మొదలవకముందే గీత పడిపోతుంటే, మీ వాయిద్యాల ముక్క పొడవెక్కువైందని అర్థం. నా అభిప్రాయంలో జానపద పాటకు గొంతు త్వరగా రావాలి. అన్నిటికన్నా నేను నమ్మే పరీక్ష ఒకటుంది: మీ ఇంట్లో పెద్దావిడకు రెండుసార్లు వినిపించి, కోరస్ అందుకోమనండి. ఆమె ఊపిరి ఎక్కడ అందడం లేదో అక్కడ మీ లైను పొడవెక్కువైంది. ఈ సంగతి ఏ గ్రాఫూ చెప్పదు.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ట్రాక్ మీద పాడుతున్నాను. నాకు బాగానే ఉంటుంది, విన్నవాళ్లేమో తాళం తప్పుతోందంటున్నారు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ తాళం మీద అనుమానం పెట్టుకోకండి. బ్లూటూత్‌లో ట్రాక్ మీ చెవికి ఆలస్యంగా చేరుతుంది. మామూలు ఇయర్‌బడ్స్‌లో 100 నుంచి 200 మిల్లీసెకన్లు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. మీరు విన్నదానికి సరిగ్గానే పాడుతున్నారు, కానీ ఫోను ఆ గొంతును ట్రాక్ కన్నా వెనక రికార్డు చేస్తోంది. అదీకాక ఇయర్‌బడ్స్ మైకు వాడితే బ్లూటూత్ ఫోన్‌కాల్ పద్ధతికి మారి పై శబ్దాలను కత్తిరిస్తుంది. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోను మైకులో పాడండి. ఇప్పటికే పాడిన పాటలు పారేయకండి. బ్యాండ్‌ల్యాబ్‌లోనో, కంప్యూటర్లో ఆడాసిటీలోనో గొంతు ట్రాక్‌ను కాస్త ఎడమకు, అంటే పాట మొదలు వైపుకు లాగితే చాలావరకు సరిపోతాయి. రెండూ ఉచితమే.

ప్రశ్న: నా పాట బాణీ కాపీ అని ఒకాయన రాశాడు. యూట్యూబ్ కూడా కాపీరైట్ క్లెయిమ్ వేసింది. అది మా నాయనమ్మ పాడే బాణీ. డప్పు మాత్రం నెట్‌లో దొరికిన ట్రాక్.
– మేడ్చల్ నుంచి

జవాబు: తరతరాలుగా నోటినుంచి నోటికి వచ్చిన బాణీ మీద ఎవరికీ హక్కు ఉండదు. ఒక కవి రాసిన పాటకు మాత్రం మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆయన జీవితకాలం, ఆపై 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. రికార్డింగ్‌కు అది విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. మీకు క్లెయిమ్ తెచ్చింది ఆ డప్పు ట్రాకే అయివుంటుంది. క్లెయిమ్ వివరాల్లో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా అని ఉంటుంది, చూసుకోండి. క్లెయిమ్ అంటే స్ట్రైక్ (ఛానల్ మీద పడే కాపీరైట్ హెచ్చరిక) కాదు, కంగారు పడకండి. డప్పును సొంతంగా వాయించి మళ్లీ ఎక్కించడం అన్నిటికన్నా సులువు. క్లెయిమ్ బాణీ మీదే అయితే డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి, అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. వివరణలో ‘బాణీ: సంప్రదాయం, మా నాయనమ్మ నోట విన్నది’ అని ఆమె పేరు, ఊరు తప్పకుండా రాయండి. కుదిరితే ఆమె చేతే పాడించి రికార్డు చేసి పెట్టుకోండి.

ప్రశ్న: నా యాసను వెక్కిరిస్తూ కామెంట్లు పెడుతున్నారు. ఏఐతో గొంతు శుభ్రం చేస్తే బాగుంటుందా?
– ఒక గాయని, చంపాపేట

జవాబు: వద్దమ్మా. ఆ టూల్స్‌లో చాలావాటిని మాటల రికార్డింగ్‌ల కోసమే చేశారు. పాట మీద వాడితే రాగం తీసినచోట గొంతు చిట్లినట్టవుతుంది, కోరస్‌లో ‘హొయ్’ని రొద అనుకుని చెరిపేస్తాయి. యాస మీ పాటకు ప్రాణం, దాన్ని ముట్టుకోకండి. యూట్యూబ్ స్టూడియోలో కమ్యూనిటీ సెట్టింగ్స్‌కు వెళ్లి, కామెంట్లు మీరు చూశాకే కనిపించేలా పెట్టుకోండి. అక్కడే బ్లాక్ చేసే పదాల జాబితా ఉంటుంది. తెలుగు లిపిలో రాసినంత మాత్రాన ఇంగ్లిష్ అక్షరాల్లో తిట్టేవాళ్లు ఆగరు, ఒక్కో పదాన్ని రెండు రకాలుగానూ చేర్చండి. పదేపదే వచ్చేవాళ్లను ‘హైడ్ యూజర్’ నొక్కి దాచేస్తే వాళ్ల రాతలు ఇక మీ ఛానల్‌లో ఎవరికీ కనిపించవు.