సగం లేచిన షెడ్డు గురించి మేనల్లుడికి

రాయగడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గుణుపురం దగ్గర కట్టబోయే గోదాముకు ఇనుప ఫ్రేము నిలబెట్టే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కాలమ్‌లు 15 మీటర్ల ఎత్తట, కాలమ్‌కూ కాలమ్‌కూ మధ్య గళ్ళు, అంటే బేలు, 6 మీటర్ల వెడల్పట. ఇన్నాళ్ళూ ఒకరి కింద పని చేశావు, ఇప్పుడు నీ మాట మీద పాతిక మంది పైకి ఎక్కుతారు. నేను బరువులెత్తే ఖలాసీగా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయేలోపు నేర్చుకున్నదంతా ఒక ఉత్తరంలో పట్టదు. అందుచేత ఫ్రేము లేస్తున్నంత కాలం దానికి ఇవ్వవలసిన ఆధారాల గురించి, తాళ్ళ బిగింపు గురించి మాత్రమే రాస్తున్నాను.

డ్రాయింగులో ఉన్న షెడ్డుకు గాలీ బరువూ లెక్కకట్టి ఇంజినీరు కొలతలు ఇచ్చాడు. కానీ మంగళవారం సాయంత్రం నీవు పని ఆపి బసకు వెళ్ళేటప్పుడు అక్కడ నిలబడి ఉండే ఆకారాన్ని డ్రాయింగులో ఎవరూ గీయలేదు. ఆరు కాలమ్‌లు లేచి, పైకప్పు దూలాలు, అంటే రాఫ్టర్లు, రెండు ఎక్కి, వాటి మీద రేకులు మోసే పర్లిన్లు ఇంకా నేల మీదే ఉన్న ఆ ఆకారం పూర్తయిన షెడ్డులో సగం బలం ఉన్నది కాదు. దానిని వేరే కట్టడంగానే చూడాలి. దానికి కావలసిన ఆధారాలు కూడా వేరు. ఫ్రేమును ఏ వరుసలో, ఏ ఆధారాలతో ఎత్తాలో చెప్పే ఎరెక్షన్ స్కీము అని వేరే కాగితం ఇచ్చి ఉంటే దానిని అక్షరం తప్పకుండా పాటించు. ఇవ్వకపోతే అడిగి రాయించుకో, ఆ కాగితం చేతికి వచ్చేదాకా మొదటి కాలమ్ ఎత్తవద్దు.

డ్రాయింగులో బ్రేసింగ్, అంటే ఫ్రేము పక్కకు ఒరగకుండా ఏటవాలుగా వేసే రాడ్లు, ఉన్న బే ఎక్కడ ఉందో వెతికి, అక్కడే మొదలుపెట్టు. క్రేను నిలుపుకోవడానికి వీలుగా ఉందనో, మెటీరియల్ ఆ పక్కనే దింపారనో చివరి నుంచి మొదలుపెట్టేవాళ్ళను చాలామందిని చూశాను. నాలుగు కాలమ్‌లు, వాటి మీద రెండు రాఫ్టర్లు, మధ్య వాటిని కలిపే టై బీములు, గోడ వైపూ పైకప్పు వైపూ ఏటవాలు బ్రేసింగ్ రాడ్లు పడి ఆ బే ఒక పెట్టెలా తయారైతే, తరువాతి ఫ్రేములన్నీ దానిని పట్టుకుని నిలుస్తాయి. ఆ పెట్టె తయారుకాకుండా ముందుకు పోతే, ఎన్ని ఫ్రేములు లేచినా అవి పేకముక్కల వరుసే.

కాలమ్‌ను బేస్‌ప్లేటు మీద దించి, యాంకర్ బోల్టుల నట్లు బిగించగానే క్రేను హుక్కు విప్పేయమని పైనుంచి ఒత్తిడి వస్తుంది, ఎందుకంటే క్రేను అద్దె గంటల లెక్క. దానికి లొంగవద్దు. 15 మీటర్ల కాలమ్‌కు కింద నాలుగు బోల్టులు ఇచ్చే పట్టు ఎంత? బేస్‌ప్లేటు కింద ఇంకా సందు నింపే సిమెంటు గ్రౌట్ కూడా పోయలేదు, అది నాలుగు ప్యాకింగ్ ప్లేట్ల మీద కూర్చుని ఉంది. కాలమ్ పైభాగం నుంచి నాలుగు దిక్కులా నేలకు లాగే ఇనుప తాళ్ళు, అంటే గై తాళ్ళు, కట్టి, చేతికి బిగువు తగిలేదాకా లాగిన తరువాతే హుక్కు విప్పించు. రాఫ్టరు, టై బీము విషయంలో కూడా ఒక్కో జాయింటుకు కనీసం రెండు బోల్టులు పడి, స్పానరుతో బిగిసిన తరువాతే క్రేను స్లింగ్ వదలాలి. రంధ్రాలు కలపడానికి వాడే డ్రిఫ్ట్ పిన్ను దూర్చి దానినే బోల్టుగా లెక్కపెట్టే అలవాటు మన కుర్రాళ్ళలో ఉంది, అది నీ సైటులో కనపడకూడదు.

గై తాడు ఏ కోణంలో దిగుతుందో దానిని బట్టే దాని పని. కాలమ్ తలకు ఒక మీటరు కింద, అంటే 14 మీటర్ల ఎత్తున కట్టి, పునాది నుంచి 14 మీటర్ల దూరంలో నేలకు దింపితే 45 డిగ్రీలు వస్తుంది, తాడు పొడవు సుమారు 20 మీటర్లు అవుతుంది. అప్పుడు అడ్డంగా 100 కిలోల గాలి తోపును ఆపడానికి తాడులో 141 కిలోల లాగుడు పుడుతుంది, కాలమ్ మీద కిందికి 100 కిలోలు అదనంగా పడుతుంది. స్థలం లేదని తాడును దగ్గరగా దించి 60 డిగ్రీలు చేశావనుకో, అదే 100 కిలోలకు తాడులో 200, కాలమ్ మీద 173 పడుతుంది. తాడుకూ, దాని కొసను నేలలో పట్టి ఉంచే యాంకరుకూ, కాలమ్‌కూ మూడింటికీ పని పెరిగింది, లాభం మాత్రం పైసా లేదు. ఇక యాంకరు. చెట్టుకు, ఆగి ఉన్న జేసీబీకి, పక్క కాలమ్ పాదానికి కట్టవద్దు. వంశధార ఒడ్డు నేల కొన్నిచోట్ల ఇసుక కలిసి వదులుగా ఉంటుంది. అటువంటి నేలలో దిగ్గొట్టిన మేకులు వాన పడితే వెన్నలోంచి వచ్చినట్టు పైకి వస్తాయి. ఘన మీటరు కాంక్రీటు సుమారు 2.4 టన్నులు తూగుతుంది. అటువంటి దిమ్మెలు పోయించి, సగమైనా నేలలోకి దింపి, వాటికి కొక్కేలు పెట్టించు. ఖర్చు అంటారు, అననీ.

ఇక్కడ నా కళ్ళ ముందు జరిగినది ఒకటి చెప్పాలి. కోరాపుట్ వైపు ఒక సైటులో మూడు ఫ్రేములు లేచి ఉన్నాయి, నేను అప్పుడు సెకండ్ ఫోర్‌మన్‌ని. మధ్యాహ్నం సిమెంటు లారీ లోపలికి రావలసి వచ్చింది, దారికి అడ్డంగా ఒక గై తాడు ఉంది. లారీ పోగానే మళ్ళీ కట్టేద్దామని ఒక కుర్రాడు క్లాంపులు విప్పాడు. విప్పమన్నది నేనే. లారీ పోయింది, టీ వచ్చింది, తాడు మరిచిపోయాము. నాలుగు గంటలకు వైశాఖపు గాలి లేచింది. ఎదురు తాడు తన బిగువుతో లాగుతూనే ఉంది, దానికి బదులు లాగేది ఇవతల లేదు. గాలికి ముందే ఆ కాలమ్ వంగడం మొదలైందని తరువాత బోల్టులు చూస్తే తెలిసింది. మూడు ఫ్రేములూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దాదాపు అందరూ టీ దగ్గర ఉండబట్టి ప్రాణాలు దక్కాయి, ఒక హెల్పరుకు మాత్రం కాలు విరిగింది. నిలువున ఉన్న కాలమ్‌కు తాళ్ళు జోడుగా పని చేస్తాయి. ఒకటి విప్పితే పోయేది ఒక తాడు బలం మాత్రమే కాదు, రెండోది శత్రువై కూర్చుంటుంది. దారి కావాలంటే ముందు కొత్త తాడు వేరే చోట కట్టి, బిగించి, ఆ తరువాత పాతది విప్పాలి.

క్లాంపుల గురించి చాలామందికి తెలిసినట్టే ఉంటుంది కానీ తెలియదు. తాడు కొసను థింబుల్ అనే ఇనుప కన్ను చుట్టూ తిప్పి తెచ్చి బుల్‌డాగ్ క్లాంపులు వేసేటప్పుడు, క్లాంపుకు రెండు భాగాలుంటాయి కదా, పళ్ళున్న దిమ్మె ఒకటి, వంపు బోల్టు ఒకటి. దిమ్మె బరువు మోసే పొడవాటి తాడు మీద కూర్చోవాలి, వంపు బోల్టు తిరిగి వచ్చిన పొట్టి కొస మీద పడాలి. తిరగేసి వేస్తే వంపు బోల్టు అసలు తాడును నొక్కి పోగులను తెంపుతుంది. ఒకటి ఇటు, ఒకటి అటు వేయడం ఇంకా తప్పు. 12 మిల్లీమీటర్ల తాడుకు కనీసం మూడు క్లాంపులు, మధ్య ఎడం తాడు మందానికి ఆరు రెట్లు, అంటే 7 సెంటీమీటర్లకు కొంచెం పైన. సరిగా వేసినా ఆ ముడి తాడు బలంలో 80 శాతమే పట్టి ఉంచుతుంది. తాడు మీద మొదటిసారి లాగుడు పడగానే అది సన్నబడుతుంది, క్లాంపుల నట్లు వదులవుతాయి. కాబట్టి బిగించిన రోజే సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి అన్నిటికీ మళ్ళీ స్పానరు వేయించు. తాడును బిగించే టర్న్‌బకిల్ రెండు వైపులా మరలు లోపల బాగా పట్టి ఉన్నాయో లేదో చూసి, బిగించిన తరువాత దాని నడుమ నుంచి కట్టుతీగ దూర్చి తిరగకుండా కట్టించు. గాలికి తాడు వణికితే టర్న్‌బకిల్ తనంతట తాను విప్పుకుంటుంది.

ఇప్పుడు బిగింపు. ఎక్కువ బిగిస్తే ఎక్కువ గట్టి అని అనుకునే వయసులో నేను ఒక తప్పు చేశాను. గోడ వైపు బ్రేసింగ్ రాడ్లలో ఒకదానిని రెండు మూరల పైపు తొడిగిన స్పానరుతో మోత పుట్టేదాకా బిగించాను. ఎదురు రాడ్డు వదులుగా వేలాడుతోంది, పట్టించుకోలేదు. మర్నాడు కాలమ్ తల 40 మిల్లీమీటర్లు పక్కకు పోయి కనిపించింది. పైన టై బీము రంధ్రాలు కలవక, బోల్టు దూరక, తప్పు ఫ్యాబ్రికేషన్ వాళ్ళదని పోట్లాడాను కూడా. కాలమ్‌ను నిలువుకు తెచ్చే పని గై తాళ్ళది, తెచ్చినదానిని పట్టి ఉంచే పని బ్రేసింగ్‌ది. ఈ రెండు పనులనూ కలిపేయకు. తాళ్ళతో నిలువు సరిచేసిన తరువాత, కత్తెర ఆకారంలో ఉన్న రెండు రాడ్లనూ ఒకే మనిషి, ఒకే స్పానరుతో, ఇటు అర చుట్టు అటు అర చుట్టుగా, వేలాడే వంపు పోయేదాకా మాత్రమే బిగించాలి.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి టేపు చాలు. 6 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తు ఉన్న గడిలో మూలనుంచి మూలకు రెండు కొలతలూ 10 మీటర్లే రావాలి. తల 20 మిల్లీమీటర్లు ఒక పక్కకు వాలిందంటే ఒక మూల కొలత 12 మిల్లీమీటర్లు పెరిగి, రెండోది 12 తగ్గుతుంది, రెంటికీ తేడా 24 కనిపిస్తుంది. తప్పు చిన్నదైనా తేడా పెద్దదిగా కనబడుతుంది కనుక దీనిని కోణాలు కొలిచే థియోడొలైటు లేని మేస్త్రీ కూడా పట్టగలడు.

గై తాడులో బిగువు ఎంత ఉందో మీటరు లేకుండా చూసే పద్ధతి ఒకటి నాకు ఒక ముసలి ఖలాసీ నేర్పాడు. తాడు కింది కొస దగ్గర అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తే, ఆ అల పైదాకా పోయి తిరిగి వచ్చి చేతికి తగులుతుంది. పది రాకలకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టు. మీటరుకు అర కిలో తూగే 20 మీటర్ల తాడులో పది రాకలకు 6 సెకన్లు పడితే, బిగువు సుమారు 225 కిలోలు. 12 సెకన్లు పడితే అందులో నాలుగో వంతే, 55 కిలోల పైచిలుకు. తాడులో జోలి, అంటే కిందికి వేలాడే వంపు, ఎక్కువ ఉంటే ఈ లెక్క పనికిరాదు, కానీ నీకు కావలసింది కచ్చితమైన అంకె కాదు. ఒకే పొడవున్న నాలుగు తాళ్ళలోనూ పది రాకల సెకన్లు ఒకటిగా ఉన్నాయా, లేదా అన్నదే. టవర్ మాస్టులకు శాశ్వతంగా కట్టే గై తాళ్ళలో తొలి బిగువును సాధారణంగా తాడు తెగే బలంలో పదో వంతు దగ్గర ఉంచుతారు. మన తాత్కాలిక తాళ్ళకు స్కీములో ఏ అంకె ఇచ్చారో అదే.

నిలువు చూసే పని పొద్దు పొడిచేలోపు ముగించు. ఎండ పడిన వైపు ఇనుము సాగుతుంది, తల ఎండకు అవతలికి వంగుతుంది. పది గంటలకు చూసి పడమరకు వాలిందని తాళ్ళు లాగితే, రాత్రికి అది తూర్పుకు వాలి కూర్చుంటుంది. 30 మీటర్ల పొడవున్న ఇనుప వరుస 20 డిగ్రీల వేడి తేడాకు 7 మిల్లీమీటర్లు సాగుతుంది, రంధ్రాలు కలవకపోవడానికి అదీ ఒక కారణమే. నిలువు చూసే గుండు వేలాడదీస్తే గాలికి ఊగకుండా దానిని నూనె పోసిన బకెట్లో ముంచు. 15 మీటర్లకు 15 మిల్లీమీటర్ల వాలు దాకా సాధారణంగా ఒప్పుకుంటారు, డ్రాయింగులో అంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే నీకు హద్దు.

గాలి సంగతి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 6 కిలోలు తోస్తే, 72 కిలోమీటర్లది 24 కిలోలు తోస్తుంది. అందుచేత పగటి పిల్లగాలిని చూసి రాత్రిని అంచనా వేయకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా వచ్చింది కూడా తెల్లవారుజామునే. తుపాను రాకపోయినా చైత్ర వైశాఖాల్లో సాయంత్రం కొండల మీదనుంచి దిగే గాలివాన పావుగంటలో చెయ్యవలసిందంతా చేస్తుంది. ప్రతి రోజూ నాలుగు గంటలకు కొత్త కాలమ్ ఎత్తడం ఆపేసి, లేచినదానికి తాళ్ళు, టై బీములు, బ్రేసింగ్ పూర్తి చేయించడానికి మిగిలిన పొద్దు వాడు. ఒంటరి ఫ్రేమును రాత్రికి వదిలి వెళ్ళవద్దు. గోడ రేకులు ముందుగా కొట్టేద్దామని ఎవరైనా అంటే, బ్రేసింగ్ అంతా బిగిసేదాకా ఒప్పుకోకు. రేకు పడ్డాక ఆ ఫ్రేము తెరచాప అవుతుంది.

నీ దగ్గర పని చేసేవాళ్ళలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, సవరలు, కువి మాట్లాడేవాళ్ళు కలిసి ఉంటారు. బిగించు, వదులు అనే మాటలు పైనుంచి అరిస్తే నాలుగు భాషల్లో నాలుగు రకాలుగా వినబడతాయి. క్రేనుకు సిగ్నల్ ఒకే మనిషి ఇవ్వాలి, అదీ చేతితో. ఖలాసీల పాత మాట ‘ఆరియా’ అంటే దించమని అందరికీ తెలుసని అనుకోకు, ఇప్పటి కుర్రాళ్ళకు తెలియదు. లాగుతున్న తాడు వంపులో, చైన్ పుల్లీకి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకు.

చివరగా తాళ్ళు విప్పడం. కట్టడంలో ఉన్న జాగ్రత్త విప్పడంలో ఉండదు, పని అయిపోయిందన్న ఉత్సాహం ముందుకు తోస్తుంది. పోలండ్‌లో 646 మీటర్ల రేడియో మాస్టు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడం, 1991 ఆగస్టు 8న కూలింది. అది కూలింది తుపానులో కాదు, పై వరుస గై తాళ్ళు మార్చే పని జరుగుతుండగా. నీ షెడ్డులో ఆ బేకు సంబంధించిన బ్రేసింగ్ అంతా పడి, బోల్టులు పూర్తిగా బిగిసి, బేస్‌ప్లేటు కింద గ్రౌట్ గట్టిపడిన తరువాతే తాత్కాలిక తాడు విప్పాలి. విప్పేటప్పుడు కూడా ఒక్కసారిగా తీయకుండా, ఎదురెదురు తాళ్ళను కొద్దికొద్దిగా వదులు చేస్తూ, గుండు కదులుతుందేమో చూస్తూ తీయించు. కదిలితే ఆగి, ఎక్కడ బోల్టు పడలేదో వెతుకు.

వచ్చే ఆదివారం నేను గుణుపురం వస్తున్నాను. మొదటి బే నాలుగు కాలమ్‌లు అప్పటికి లేచి ఉంటే, ప్రతి తాడుకూ పది రాకలకు ఎన్ని సెకన్లు పట్టిందో, రెండు మూల కొలతలు ఎంత వచ్చాయో ఒక కాగితం మీద రాసి ఉంచు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే కలిసి చూద్దాము. అమ్మకు చెప్పు, భోజనానికి ఇంటికే వస్తానని.

ఇట్లు,
మీ మావయ్య