స్టెరాయిడ్‌తో మచ్చలు తగ్గాయని ఊరుకోకండి

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండు నెలలుగా మెడ మీద, చేతుల మీద ఎర్రగా ఉబ్బిన మచ్చలు వస్తున్నాయి. ముట్టుకుంటే నొప్పి, పైగా జ్వరం. యాంటీబయాటిక్స్ రెండు కోర్సులు వాడినా తగ్గలేదు. మెడికల్ షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలకు రెండు రోజుల్లో తగ్గి, ఆపగానే మళ్లీ వచ్చాయి. హిమోగ్లోబిన్ 8.1. ఏ ఆయింట్‌మెంట్ రాయాలి? వంకాయ, గోంగూర మానెయ్యాలా?

జవాబు: ఆయింట్‌మెంట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ హిమోగ్లోబిన్ గురించి మాట్లాడాలి. మగవాళ్లకు 13 ఉండాల్సింది 8కి ఎందుకు పడిపోయింది? ప్లేట్‌లెట్లు, తెల్లరక్తకణాలు ఎన్ని ఉన్నాయో మీరు రాయలేదు.

చూడకుండా జబ్బు పేరు ఖాయంగా చెప్పలేను. కానీ మీరు చెప్పిన లక్షణాలకు స్వీట్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. షుగర్‌తో దీనికి సంబంధం లేదు. 1964లో దీన్ని వివరించిన ఇంగ్లండ్ డాక్టర్ రాబర్ట్ డగ్లస్ స్వీట్ పేరది. ఇన్ఫెక్షన్ లేకపోయినా న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు చర్మంలోకి గుంపుగా చేరతాయి. అందుకే యాంటీబయాటిక్స్ పనిచేయవు, స్టెరాయిడ్ వేస్తే త్వరగా తగ్గుతుంది. చాలామందిలో గొంతు ఇన్ఫెక్షన్ తర్వాతో, ఏదైనా మందు వల్లో వస్తుంది. సుమారు ఐదుగురిలో ఒకరికి మాత్రం దీని వెనక క్యాన్సర్ ఉంటుంది. అందులోనూ ఎక్కువగా అక్యూట్ మైలాయిడ్ లుకేమియా (వేగంగా పెరిగే ఒక రక్త క్యాన్సర్), మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ (ఎముక మజ్జలో రక్తకణాలు సరిగ్గా తయారుకాని జబ్బు) లాంటి రక్త జబ్బులే. కొందరిలో అవి బయటపడక ముందే చర్మం మీద మచ్చలు కనిపిస్తాయి. రక్తం తక్కువగా ఉంటే ఆ అనుమానం పెరుగుతుంది. నాన్నగారికి అదేనని అనడం లేదు, కాదని తేల్చుకోవాలి.

నాకు బాధ కలిగించేది షాపులో అడిగి తెచ్చుకున్న ఆ మాత్రలు. తగ్గింది కదా అని రెండు నెలలు గడిపేశారు. స్టెరాయిడ్ వల్ల మచ్చలు మాయమవుతాయి, తెల్లకణాల లెక్క మారుతుంది, బయాప్సీలో (చర్మం చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) కూడా జబ్బు సరిగ్గా కనిపించకపోవచ్చు. లోపలి జబ్బు ఉంటే అది మాత్రం అలాగే ఉంటుంది. దయచేసి ఇంకోసారి ఈ పని చేయకండి. ఇప్పటికీ వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్‌ను అడిగి తగ్గించండి.

ఈ వారంలోనే సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష), పెరిఫెరల్ స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) చేయించండి. కొత్తగా వచ్చిన మచ్చ నుంచి చర్మ డాక్టర్ బయాప్సీ తీస్తారు. రిపోర్టులు హెమటాలజిస్ట్ (రక్త జబ్బుల డాక్టర్) చూడాలి, అవసరమైతే బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష రాస్తారు. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, ఆయాసం, తీవ్ర జ్వరం ఉన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వంకాయ, గోంగూర మానక్కర్లేదు. వాడిన మాత్రల స్ట్రిప్పులు మాత్రం పారేయకుండా డాక్టర్‌కు చూపించండి.