ఎంసీబీ ఉన్నా మోటారు ఎందుకు కాలింది?

16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) పెట్టినా 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు కాలిపోయిందని, ఇంకా చిన్నది వేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. ఇలాంటి మోటారునే చేజేతులా కాల్చుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

నాదీ 5 హెచ్‌పీయే, నేమ్‌ప్లేట్ మీద 7.5 ఆంపియర్లు. ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగుతూ ఉంటే ఆపించే పరికరం) మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే విసుగొచ్చి, దాన్ని పీకేసి 9–14 రేంజి రిలే బిగించి, డయల్ 14కి తిప్పేశాను. రెండు రోజులు హాయిగా నడిచింది. మూడో రోజు ఒక ఫేజ్ పోయింది. మోటారు ఆగలేదు, గుయ్యిమని మూలుగుతూ తిరుగుతూనే ఉంది. అలాంటప్పుడు మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు 1.7 రెట్లకు పైగా, అంటే 13 ఆంపియర్ల దాకా పోతుంది. 14కి పెట్టిన రిలేకి అదో లెక్క కాదు, 16 ఎంసీబీకి అసలే కాదు. విప్పి చూస్తే మూడింట ఒక వంతు కాయిల్స్ బొగ్గు, మిగతావి కొత్తవాటిలా ఉన్నాయి. డెల్టా మోటారు (మూడు వైండింగ్‌లను త్రిభుజంలా కలిపినది) సింగిల్ ఫేసింగ్‌లో, అంటే ఒక ఫేజ్ పోయి మిగతా రెండింటి మీదే నడిచి కాలితే ఇలాగే ఉంటుంది. చివరికి చూస్తే కాంటాక్టర్‌లో (మోటారుకు కరెంటు కలిపి, తెంపే స్విచ్) ఒక స్క్రూ లూజు. పాత రిలే మొత్తుకున్నది దాని గురించే!

మోటారు స్టార్టింగ్‌లో ఆరేడు రెట్లు, అంటే 45–50 ఆంపియర్లు లాగుతుంది. దానికి పడిపోకుండా ఉండాలనే ఎంసీబీని పెద్దది వేస్తాం. సీ టైపు 16 ఆంపియర్లది వెంటనే పడాలంటే 80–160 ఆంపియర్లు రావాలి. అది షార్ట్ సర్క్యూట్ పని. చిన్నది వేస్తే స్టార్టింగ్‌లోనే పడిపోవచ్చు. వైండింగ్ మెల్లగా వేడెక్కడాన్ని పట్టుకునేది రిలేలోని బైమెటల్ పట్టీలే (వేడికి వంగే రెండు లోహాల పట్టీలు). డయల్ నేమ్‌ప్లేట్ అంకె దగ్గరే ఉండాలి (మొదట స్టార్‌లో మొదలై తర్వాత డెల్టాకు మారే స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే వైండింగ్ వైపు ఉంటే, ఆ అంకెకు 0.58 రెట్లు).

అలాగని రిలే ఒక్కటీ చాలదు. అది నేరుగా కరెంటు తెంపదు, తన మీది 95–96 నంబర్ల టెర్మినళ్ల మధ్య ఉన్న కాంటాక్టు తెరిచి కాంటాక్టర్‌ను పడేస్తుంది, అంతే. షార్ట్ అయితే అది కదిలేలోపే కాంటాక్టర్ పాయింట్లు అతుక్కుపోవచ్చు. అందుకే షార్ట్ తర్వాత పాయింట్లు చూడకుండా స్టార్ట్ కొట్టకండి.

కొత్త మోటారు బిగించాక, అది నడుస్తుండగా రిలే మీది టెస్ట్ బటన్ నొక్కండి. కాంటాక్టర్ ఠక్కున పడాలి. పడలేదంటే 95–96ను ఎవరో బైపాస్ చేశారేమో చూడండి.